బీకాం తర్వాత డాక్టరు చదువు



బీకాం పాసైన ఒక అమ్మాయి ఆమధ్య మా దగ్గరకొచ్చి, డాక్టరు చదవాలని ఉందన్నది. "ఇంటర్లో సైన్సు లేదు కదమ్మా, కుదరదు" అని పంపేశాం. తప్పు చెప్పాం. మా తలలో ఉన్నది పాత నిబంధన. ఇంటరయ్యాక కూడా ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు అదనపు సబ్జెక్టులుగా గుర్తింపు పొందిన బోర్డులో పాసైతే నీట్ రాయవచ్చునని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. గరిష్ఠ వయోపరిమితిని 2022లోనే ఎత్తేశారు.

అయితే బీకాం మార్కులు అక్కడ లెక్కకు రావు. సీటు దొరికితే నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్ పని. ఖర్చు సంగతి సరేసరి.

ఈ మాట చెప్పడానికే మొన్న వాళ్లింటికి వెళ్లాం. సంబంధాలు చూస్తున్నామని తండ్రిగారన్నారు. అమ్మాయి మాత్రం బయాలజీ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది.