అమెరికా నిర్మాతల ఆశయములు – నేటి నాయకులు, పత్రికలు



అమెరికా కథను తుపాకిమ్రోతతో ఆరంభించుట పరిపాటి. గ్రంథాలయ రజతోత్సవమున దానిని ఒక గ్రంథాలయముతో ఆరంభించుటయే సముచితము. 1731లో ఫిలడెల్ఫియా నగరమున అచ్చుకూటము నడుపుచుండిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, మిత్రులతో కూడి చందాల గ్రంథాలయమును నెలకొల్పెను. మొదట చేరినవారు ఏబదిమంది. ప్రవేశమునకు 40 షిల్లింగులు, పిమ్మట ఏటేట 10 షిల్లింగులు. చందాలకై ఇల్లిల్లు తిరిగిన మన కార్యకర్తలకు ఈ లెక్క వింతగా తోచదు. 1774లో వలసరాష్ట్రముల ప్రతినిధులు కార్పెంటర్స్ హాలులో మొదటి మహాసభ జరిపినప్పుడు, ఆ గ్రంథములు అదే భవనపు మేడమీద నుండెను. వానిని వాడుకొనుటకు ప్రతినిధులకు అనుమతి లభించెను.

రెండేండ్లకు, 1776 జూలైలో, స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. మానవులందరు సమానులనియు, ప్రభుత్వాధికారము ప్రజల సమ్మతినుండియే పుట్టుననియు అందు చాటిరి. దానిని రచించిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలమున ఆరువందలమందికి పైగా బానిసలకు యజమాని. ఈ మాట దాచి ఆయనను పొగడుట చరిత్ర కాదు. బానిసత్వము 1865లో గాని తొలగలేదు. స్త్రీలకు వోటు హక్కు దేశమంతట 1920లో గాని రాలేదు. అయినను ఆ హక్కులకై పోరాడినవారు పదేపదే చేతబట్టినవి ఆ ప్రకటనలోని వాక్యములే.

జార్జి వాషింగ్టను 1783 డిసెంబరులో సేనాధిపత్యమును ప్రజాప్రతినిధులకు తిరిగి అప్పగించి తన పొలమునకు పోయెను. పిమ్మట రెండుమార్లు అధ్యక్షుడై, మూడవమారు నిలువనని 1796 సెప్టెంబరులో తెలిపెను. ఆ వీడ్కోలు సందేశమును ఆయన ఏ సభలోను చదువలేదు. ఫిలడెల్ఫియా వార్తాపత్రికలో అచ్చువేయించెను. కక్షాభిమానము దేశమును చీల్చుననియు, దానిని ఆసరాగొని ఒక్క వ్యక్తి అధికారమంతయు చేజిక్కించుకొనవచ్చుననియు అందు హెచ్చరించెను.

దీని ప్రక్కన 2020 నాటి ఎన్నికను ఉంచి చూడుడు. ఓడిన అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంపు ఓటమిని అంగీకరింపలేదు. ఆయన పక్షమున వేసిన అరువదికి పైగా వ్యాజ్యములు దాదాపు అన్నియు వీగిపోయెను. 2021 జనవరి 6న ఆయన అనుచరులు శాసనసభాభవనములోనికి చొరబడి, ఎన్నిక ఓట్ల లెక్కింపును కొన్ని గంటలు ఆపిరి. 2024లో ప్రజలు ఆయననే మరల ఎన్నుకొనిరి. 2025 జనవరిలో, పదవి స్వీకరించిన దినముననే, ఆ దాడి కేసులలోని సుమారు 1,500 మందికి ఆయన క్షమాభిక్ష ప్రసాదించెను. అసత్యము ఒక్క కక్షవారి సొత్తనుకొనరాదు. వియత్నామును గూర్చి ఇరుకక్షల ప్రభుత్వములును ప్రజలకు నిజము చెప్పలేదని 1971లో వెలువడిన రహస్యపత్రములు తేటపరచెను. వాని ప్రకటనను ఆపుటకు ప్రభుత్వము యత్నింపగా, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆరుగురు, ముగ్గురు కాదన్నను, పత్రికల పక్షమే నిలిచిరి.

పత్రికాస్వాతంత్ర్యము రాజ్యాంగమున చేరినది 1791లో. ఏడేండ్లు నిండకమునుపే, ప్రభుత్వమును దూషించువారిని శిక్షించు చట్టము వచ్చెను. వెర్మాంటు ప్రతినిధి మాథ్యూ లయన్, అధ్యక్షుని ఆడంబరమును పత్రికలో ఎత్తిపొడిచినందుకు నాలుగు నెలలు చెరసాల పాలయ్యెను. ఆ చెరసాలనుండియే పోటీచేసి గెలిచెను! ఆనాటి పత్రికలు మాత్రము నిష్పక్షపాతములా? కావు. జెఫర్సను కక్షకొకటి, హామిల్టను కక్షకొకటి, తిట్లకు కొదువలేదు.

కాని నేటి జాడ్యము వేరు. వివాదవిషయములలో భిన్నాభిప్రాయములను వినిపింపవలెనను నియమము రేడియో, టెలివిజనులకు 1949 నుండి ఉండెను. 1987లో దానిని ఎత్తివేసిరి. 2020 ఎన్నికలో ఓటింగు యంత్రములు మోసము చేసెనను అసత్యమును ప్రసారముచేసినందుకు వచ్చిన దావాలో, ఫాక్స్ న్యూస్ సంస్థ 2023లో ఆ యంత్రముల సంస్థకు 78 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. అంతకంటె శోచనీయము మరొకటి కలదు. 2005 నాటికి ఆ దేశమున నున్న వార్తాపత్రికలలో సుమారు మూడవవంతు 2024 నాటికి మూతపడెను. అందు పెక్కు చిన్న ఊళ్ల వారపత్రికలే. ఊరిపన్ను ఏమయ్యెను, వంతెన కాంట్రాక్టు ఎవరికిచ్చిరి అని అడుగు విలేఖరి పోయెను. రాజధానిలోని తగవులు మాత్రము ప్రతి యింటను గంటగంటకు వినబడుచున్నవి.

1814లో ఆంగ్లసేనలు వాషింగ్టను నగరమున శాసనసభాభవనమును, అందలి గ్రంథాలయమును తగులబెట్టెను. జెఫర్సన్ తన 6,487 సంపుటములను విక్రయింప ముందుకు వచ్చెను. పరభాషా గ్రంథములేల, మతవిరుద్ధ గ్రంథములేల యని కొందరు సభ్యులు గొడవచేసిరి. శాసనకర్తకు అక్కరకురాని విషయమే లేదని ఆయన వాదన. తుదకు 1815 జనవరిలో స్వల్పాధిక్యముతో, 23,950 డాలర్లకు, కొనుగోలు నెగ్గెను. ఆ వసంతమున పది బండ్లపై ఆ పుస్తకములు మాంటిసెల్లో నుండి రాజధానికి సాగెను. అప్పటికి జెఫర్సనునకు డెబ్బదిరెండేండ్లు.