విప్పి చూడన్నా! ఆర్‌సీ కార్ రేస్‌లో మోటార్, గేర్ చెకింగ్ ఎట్లా చేస్తారు?

ఈరోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడతాను. ఒక పిల్లోడికి నేను చెప్పాల్సిన సారీ అది.

కొన్నేళ్ల కింద తిరుపతిలో ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఆర్‌సీ కార్ రేస్ పెట్టారు. ఏ కాలేజీ అనేది వద్దులే. నేను అక్కడ వాలంటీర్‌ని. పీలేరు వైపు నుంచి ఒక పిల్లోడు వచ్చినాడు, డిప్లొమా ఫస్టియర్. పాత కారు, బాడీకి అంతా టేపు. ఫైనల్లో ఆ టేపు కారే అందరికంటే ముందు వచ్చేసింది. ఇంక చూడు, ఓడిపోయినోళ్లు మొదలుపెట్టారు. "మోటార్ మార్చినాడు సార్" అని ఒకడు, "లోపల ఇంకో సెల్ పెట్టుండాడు సార్" అని ఒకడు. మా దగ్గర చెక్ చేసే సామాను లేదు. చెక్ చేయాలని రూల్ కూడా రాసుకోలేదు. గొడవ పెద్దదయ్యే సరికి రేస్ క్యాన్సిల్ చేసేశారు.

ఆ పిల్లోడు నా దగ్గరికొచ్చి "అన్నా, కావాలంటే విప్పి చూడన్నా" అన్నాడు. నేను టైమ్ లేదన్నాను. వాడు కారు సంచిలో వేసుకొని బస్టాండుకి వెళ్లిపోయినాడు.

వాడు మోసం చేసినాడా, లేదా? ఈరోజుకీ నాకు తెలీదు. నా బాధ అదే. చెకింగ్ అంటే దొంగను పట్టుకోవడం అనుకుంటాం. నిజాయితీగా గెలిచినోడు తలెత్తుకొని ఇంటికి పోవాలన్నా అదే కావాలి.

సరే, అసలు ఏం చెక్ చేయాలి? మొదట గేర్.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కేది చూసుంటారు గదా. మలుపు రాగానే డ్రైవర్ గేర్ తగ్గిస్తాడు. ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, చక్రం తక్కువ తిరుగుతుంది, కానీ లాగే బలం పెరుగుతుంది. ఆర్‌సీ కారులో మనకు గేర్ మార్చే లివర్ ఉండదు. రేస్‌కి ముందే పళ్ల చక్రాలు మార్చి ఒక లెక్క ఫిక్స్ చేసుకుంటాం. మోటార్‌కి ఉండే చిన్న పళ్ల చక్రం పినియన్, దాంతో కలిసే పెద్దది స్పర్.

లెక్క చూద్దాం. తామియా కంపెనీ టీటీ-02 కారు తీసుకోండి. చాలామంది ఈ కారుతోనే మొదలుపెడతారు. స్పర్‌కి 70 పళ్లు, పినియన్‌కి 22 పళ్లు, లోపలి గేర్ల నిష్పత్తి 2.6. 70ని 22తో భాగించి 2.6తో గుణిస్తే సుమారు 8.27. అంటే మోటార్ 8.27 సార్లు తిరిగితే టైరు ఒక్కసారి తిరుగుతుంది. దీన్నే ఫైనల్ డ్రైవ్ రేషియో అంటారు.

టైరు చుట్టుకొలత ఇంచుమించు 20 సెంటీమీటర్లు. మోటార్ నిమిషానికి 20,000 చుట్లు తిరుగుతుంది అనుకుందాం. అప్పుడు కారు గంటకు 29 కిలోమీటర్ల దాకా పోతుంది. ఇప్పుడు 22 పళ్ల పినియన్ తీసి 25 పళ్లది పెట్టండి. రేషియో 7.28 అవుతుంది, వేగం 33కి చేరుతుంది. మూడంటే మూడు పళ్లు! బయటి నుంచి చూస్తే ఏమీ తెలీదు. అందుకే కొన్ని క్లాసుల్లో "ఈ రేషియో దాటకూడదు" అని నంబర్ ముందే రాసి పెడతారు.

ఇది చెక్ చేయడానికి ఖర్చే లేదు. పినియన్ పళ్లు, స్పర్ పళ్లు లెక్కపెట్టాలి. పన్ను మీద మార్కర్‌తో చుక్క పెట్టుకుంటే లెక్క తప్పదు. అనుమానం ఉంటే కారును నేల మీద నెట్టండి. ఇందాకటి కారు ఒక మీటరు కదిలితే టైరు ఐదు సార్లు తిరగాలి, మోటార్ దాదాపు 41 సార్లు తిరగాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. కారును పైకి ఎత్తి ఒక్క చక్రాన్నే తిప్పి లెక్క వేయొద్దు. డిఫరెన్షియల్ ఉంటుంది కాబట్టి ఒక చక్రం ఆగి రెండోది తిరిగితే లెక్క సగానికి పడిపోతుంది. పాపం, నిజాయితీగా వచ్చినోడిని దొంగను చేసేస్తారు. నేల మీదే నెట్టండి.

రెండోది మోటార్. ఇది కొంచెం కష్టం. బ్రష్‌లెస్ మోటార్ల మీద 13.5, 17.5, 21.5 అని నంబర్లు ఉంటాయి. లోపల తీగ ఎన్ని చుట్లు చుట్టారు అనేదే ఆ నంబర్. చుట్లు తగ్గితే వేగం పెరుగుతుంది. డబ్బా మాత్రం అన్నిటికీ ఒకే సైజు. స్టిక్కర్ మార్చితే ఎవరికి తెలుస్తుంది? అందుకే పెద్ద రేసుల్లో ముందే ఆమోదించిన మోటార్ల లిస్టు ఉంటుంది. అనుమానం వస్తే విప్పి రోటార్ వ్యాసం, తీగ మందం కొలుస్తారు, వైండింగ్ రెసిస్టెన్స్ చూస్తారు. మన మామూలు మల్టీమీటర్ ఆ పనికి చాలదు. ఆ రెసిస్టెన్స్ మిల్లీ ఓమ్‌లలో ఉంటుంది, మీటర్ వైర్ల రెసిస్టెన్సే దానికంటే ఎక్కువ.

మూడోది స్పీడ్ కంట్రోలర్. సాఫ్ట్‌వేర్‌తో మోటార్ టైమింగ్ ముందుకు జరిపితే అదే మోటార్ ఇంకా ఎక్కువ తిరుగుతుంది. స్టాక్ క్లాసుల్లో అది కుదరదు. టైమింగ్ సున్నా అయితే కంట్రోలర్ మీద లైటు మిణుకు మిణుకుమంటుంది. దీన్ని రేసర్లు బ్లింకీ మోడ్ అంటారు. చెక్ చేసేవాడు మొదట చూసేది ఆ లైటే.

నాలుగోది బ్యాటరీ. దీనికి మాత్రం మామూలు మల్టీమీటర్ చాలు. రెండు సెల్స్ లిపో ఫుల్ చార్జ్‌లో 8.4 వోల్టులు, మూడు సెల్స్ అయితే 12.6. రెండు సెల్స్ రూల్ ఉన్నచోట మీటర్‌లో 12 కనిపిస్తే ఇంక మాట్లాడేదేముంది?

"అన్నా, ఇంత సీరియస్‌గా ఎవరు చూస్తారన్నా" అంటారా? హైదరాబాద్‌కి వెళ్దాం. 2023 ఫిబ్రవరి 11. హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్. మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ రేస్ అది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినాడు. సెబాస్టియన్ బ్యూమీ మూడో స్థానంలో గీత దాటినాడు. కానీ మోటార్‌కి అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వాడినట్టు తేలింది. 17 సెకన్ల పెనాల్టీ పడింది, మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు పోయింది. అక్కడ గొడవ లేదు, అరుపులు లేవు. డేటా ఉంది, రూల్ ఉంది, అంతే.

మన ఊర్లో అంత డేటా యాడుంది అంటారేమో. మన ఘాట్ రోడ్డునే చూడండి. అలిపిరి టోల్‌గేట్‌లో టైమ్ రాసిస్తారు. 28 నిమిషాల కంటే ముందే కొండ మీదికి చేరితే స్పీడుగా వచ్చినట్టే. దిగేటప్పుడు 40 నిమిషాలు. రాడార్ లేకుండా, గడియారంతో చెకింగ్! రూల్ ముందే అందరికీ తెలుసు, కొలత అందరికీ ఒకటే.

మీ దగ్గర రేస్ పెడితే మీరూ అట్లనే చేయండి. రూల్ ఒక పేపర్ మీద రాసి రిజిస్ట్రేషన్ రోజే ఇవ్వండి. ఫస్ట్, సెకండ్, థర్డ్ ముగ్గురి కార్లూ రేస్ అయిన వెంటనే టేబుల్ మీదికి రావాలి, ఎవరూ కంప్లైంట్ చేయకపోయినా సరే. ఓనర్ ముందరే విప్పండి. మన ఫెస్టుల్లో రోబో రేసులకి వాడే జాన్సన్ మోటార్ అయితే మీ ఫోన్ చాలు. 300 ఆర్‌పీఎమ్ అని స్టిక్కర్ ఉంటే సెకనుకి ఐదు చుట్లు. షాఫ్ట్‌కి తెల్ల టేపు అంటించి, చెప్పిన వోల్టేజ్ ఇచ్చి, 240 ఫ్రేముల స్లో మోషన్‌లో వీడియో తీయండి. ఒక చుట్టుకి ఇంచుమించు 48 ఫ్రేములు రావాలి. 24 వస్తే అది 600 ఆర్‌పీఎమ్ మోటార్.

రేసర్లకి ఒక మాట. పెద్ద పినియన్ పెట్టి జడ్జిని ఏమార్చినా మోటార్‌ని ఏమార్చలేరు. అది వేడెక్కుతుంది. వేడి మరీ పెరిగితే అయస్కాంతాల బలం తగ్గిపోతుంది. ఆ రేస్ గెలుస్తారు, మోటార్ పోగొట్టుకుంటారు.

ఆ టేపు కారు పిల్లోడా, నువ్వు ఇది చూస్తుంటే సారీ రా. విప్పి చూడాల్సింది. దానికి పది నిమిషాలు కూడా పట్టేది కాదు.

మీ కాలేజీలో చెకింగ్ ఎట్లా చేస్తారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.