హోమ్ సైన్స్ చదువు: ఖర్చెంత, ఫలమెంత?

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్లలో వినబడే మాట ఒకటుంది: "అమ్మాయికి హోమ్ సైన్స్ చాల్లే, పెళ్లయ్యాక పనికొస్తుంది." ఈ మాట అమ్మాయికీ అన్యాయమే, ఆ చదువుకీ అన్యాయమే. వంటా కుట్టుపనీ నేర్చుకోవడానికి ఎవరూ ఏళ్ల తరబడి ఫీజు కట్టనక్కర్లేదు. పోషణ, శిశు వికాసం, వస్త్ర శాస్త్రం, కుటుంబ వనరుల నిర్వహణ, విస్తరణ విద్య, ఇవన్నీ కలిసిన శాస్త్రం అది. ఉపాధి కోసం ఎంచుకుంటేనే పెట్టిన ఖర్చు గిట్టుతుంది.

గోపురం కట్టే ముందు కూర్చుని లెక్క చూసుకునే మనిషి ఉపమానం మనకు తెలిసిందే. మనమూ లెక్క చూద్దాం.

మొదటిది, ఏళ్ల లెక్క. మామూలు కాలేజీలో బీఎస్సీకి సాధారణంగా 3 ఏళ్లు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఇదే చదువు ఇప్పుడు 'కమ్యూనిటీ సైన్స్' పేరుతో 4 ఏళ్ల ఆనర్స్. ధార్వాడ్, మదురై, హైదరాబాద్, గుంటూరులలో అలాంటి కాలేజీలున్నాయి. ఒక ఏడాది హాస్టల్ ఖర్చు ఎక్కువ, ఒక ఏడాది సంపాదన తక్కువ. అయితే చివరి ఏడాది పల్లెల్లోనూ సంస్థల్లోనూ పని నేర్పిస్తారు.

ఆసుపత్రిలో డైటీషియన్ కావాలంటే డిగ్రీతో ఆగలేం. పీజీ, ఆసుపత్రి శిక్షణ, ఆపైన రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష ఉంటాయి. అంటే 5 ఏళ్లకు పైమాటే. మొదటి ఏడాది ఫీజు ఒక్కటే చూసి చేర్పిస్తే నడిమధ్యలో ఆగిపోతాం.

1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్‌లో అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పోస్టులకు కొన్ని రాష్ట్రాలు ఈ డిగ్రీని అర్హతగా తీసుకుంటాయి. చేరకముందే మీ రాష్ట్రపు పాత నోటిఫికేషన్ తీసి చదవండి. అందులో ఉన్న పేరూ, మీ డిగ్రీ మీద పడబోయే పేరూ ఒకటేనా అని చూడండి.

రెండోది, ఎవరికి ఎంత భారం అన్న లెక్క. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. కేంద్ర ఎస్సీ స్కాలర్‌షిప్ మన పిల్లలకు రాదు. ఆంధ్ర, తెలంగాణల్లో వారు బీసీ-సీ. బళ్ళారిలో, హోసూరులో, షోలాపూర్‌లో, బరంపురంలో స్థిరపడ్డ మనకు ఆయా రాష్ట్రాల నిబంధనలే వర్తిస్తాయి. ఒకే బెంచీ, ఒకే ఫీజు, కానీ ఒక అమ్మాయి ఇంటికి అది అప్పు. ఈ అన్యాయం గురించి మాట్లాడుతూనే, అందే సాయాన్ని వదులుకోకూడదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లలో 20 శాతం జాతీయ కోటా ఉంది. దాని ద్వారా సొంత రాష్ట్రం దాటి చేరినవారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంది. మనలో ఎంతమంది దరఖాస్తు చేస్తున్నారు?

సంఘ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. పాసైన రోజున శాలువా కప్పి పంపేస్తున్నాం. ఆ డబ్బు, దానికి తోడు మరికొంత, ఆఖరి ఏడాది ఫీజుకు దాచి ఉంచుదాం. చదువు ఆగిపోయేది అక్కడే. మన ఆడబిడ్డ చదువును పెళ్లి సంబంధాల కోసం కాక, ఆమె చేయబోయే పనిని బట్టి లెక్కకడదాం.