దేవతలు పోయారు, లెక్క మిగిలింది

(స్మారకోపన్యాస పాఠం)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడుల్లో చరిత్ర చెప్పిన సారు పేరు మీద మాట్లాడమని పిలిచి, విషయాన్ని నిర్వాహకులు నాకే వదిలేశారు. నేను ప్రాచీన ఈజిప్టు మతాన్ని ఎంచుకున్నాను. పక్కన ఫణిగిరి బౌద్ధ క్షేత్రాన్ని పెట్టుకొని పిరమిడ్ల ముచ్చట మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. ఫణిగిరి పక్కన ఉంది కనుకనే అంటాను. ఒక మతం ఎట్లా నిలబడుతుంది, ఎందుకు ఆగిపోతుంది, ఆగిపోయాక ఏం మిగులుతుంది అన్న ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు. నా వాదన ముందే చెప్పేస్తాను: ఈజిప్టు దేవతల గుళ్లు మూతపడి పదిహేను వందల ఏళ్లయింది, ఆ గుళ్ల చుట్టూ పుట్టిన లెక్కలు మాత్రం ఇవాళ్టికీ మన ఇళ్లలో నడుస్తున్నాయి.

1. హైదరాబాదులో ఒక ఆడపిల్ల

ఈ మతానికి చెందిన ఒక మనిషి మనకు దగ్గర్లోనే ఉంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్న మమ్మీని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆమె పేరు నైషు అని మ్యూజియం చెబుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొని తెచ్చారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో మ్యూజియానికి ఇచ్చేశారు. 2016లో ముంబయి నిపుణుల సాయంతో దెబ్బతిన్న కట్లను బాగుచేశారు.

మనం ఆమెను వింతగా చూసి వచ్చేస్తాం. ఆ కట్లు కట్టినవాళ్లకు అది వింత కాదు, అంత్యక్రియ. కడుపు పక్కన కోసి కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణకోశం, పేగులు తీసి విడిగా భద్రపరచేవారు. మెదడును ముక్కులోంచి లాగి పారేసేవారు. దేహాన్ని నాట్రాన్ అనే సోడా ఉప్పులో ఆరబెట్టి, నూనెలు పూసి, నారబట్టలు చుట్టేవారు. మొత్తం తంతుకు 70 రోజులు. గుండెను మాత్రం దేహంలోనే ఉంచేవారు. ఆలోచన, జ్ఞాపకం, మంచిచెడ్డలు అన్నీ గుండెలోనే ఉంటాయని వాళ్ల నమ్మకం. ఆ గుండెతో అవతల పని ఉంది.

2. త్రాసు ముందు నిలబడడం

చనిపోయినవాళ్లు మృతుల దేవుడు ఒసిరిస్ కొలువుకు చేరతారు. అక్కడ త్రాసు ఉంటుంది. ఒక పళ్లెంలో గుండె, రెండో దాంట్లో మాత్ అనే దేవత ఈక. మాత్ అంటే సత్యం, న్యాయం, లోకం తన పద్ధతిలో నడవడం, అన్నీ కలిపి. నక్క తల అనూబిస్ తూకం చూస్తాడు, కొంగ తల థోత్ రాసుకుంటాడు. గుండె బరువు తేలితే పక్కనే కాచుకున్న ఒక మృగం దాన్ని మింగేస్తుంది. చనిపోయిన వ్యక్తి 42 మంది న్యాయమూర్తుల ముందు తాను చేయని తప్పులను ఒక్కొక్కటే చెప్పుకోవాలి.

ఆ తప్పుల జాబితాలో హత్య, దొంగతనం ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. కానీ ధాన్యం కొలతలో కోత పెట్టడం, త్రాసును మోసంగా కదపడం, పారే నీటికి అడ్డు కట్టడం కూడా అందులో ఉన్నాయి. ఈ మూడూ ఏం తప్పులో మిర్యాలగూడ రైతుకు విడమరచి చెప్పాలా? మిల్లు దగ్గర తేమ పేరు చెప్పి తరుగు తీసినప్పుడు, సాగర్ ఎడమ కాలువ మీద పైవాళ్లు నీళ్లు మళ్లించుకొని చివరి మడి ఎండినప్పుడు ఎంత కోపం వస్తుందో ఆయనకు తెలుసు. నైలు ఒడ్డునా కాలువే బతుకు, కొలతే న్యాయం. అందుకే ఆ మతంలో పరలోక విచారణ రెవెన్యూ కచేరీలా ఉంటుంది.

దీన్ని మరీ ఆకాశానికి ఎత్తనవసరం లేదు. గుండె తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకుండా మంత్రం చెక్కిన రాతి పేడపురుగును కట్లలో పెట్టేవారు. పేరు రాసే చోటు ఖాళీగా వదిలి, పరలోక గ్రంథాలను ముందే తయారుచేసి అమ్మేవారు. కొన్నవాళ్ల పేరు తర్వాత నింపడమే. న్యాయాన్ని ఊహించిన మతమే దాన్ని తప్పించుకునే దారినీ అమ్మింది. తర్వాతి మతాల్లోనూ కర్మలు తూచే త్రాసు కనిపిస్తుంది. అదంతా ఈజిప్టు నుంచే వచ్చిందనలేం. మనిషి నడవడిని తూచవచ్చన్న ఊహను అంత వివరంగా బొమ్మకట్టిన తొలి సమాజాల్లో మాత్రం ఈజిప్టు ఒకటి.

3. మన వారాల వెనుక

రెండో లెక్క కాలానిది. సూర్యదేవుడు రా రోజూ సాయంత్రం పడవెక్కి పాతాళంలోకి దిగుతాడు. రాత్రిని పన్నెండు భాగాలుగా దాటుతూ, అపోపిస్ అనే మహాసర్పాన్ని గెలిచి తెల్లారేసరికి పైకి వస్తాడు. ఏ భాగం నడుస్తున్నదో పూజారులు నక్షత్రాలు చూసి చెప్పేవారు. నాలుగు వేల ఏళ్ల కిందటి శవపేటికల మూతల లోపల ఆ నక్షత్ర పట్టికలు గీసి ఉన్నాయి. పగటికి పన్నెండు, రాత్రికి పన్నెండు: మన 24 గంటలు అక్కడివి.

అలెగ్జాండ్రియాలో గ్రీకు జ్యోతిషం ఈ 24 గంటలకు ఏడు గ్రహాలను జోడించింది. ఇంట్లో పంచాంగం ఉంటే హోరల, అంటే గంటల, పట్టిక చూడండి. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర, ఇదీ వరుస. ఆదివారం సూర్యోదయాన మొదటి హోర రవిది. ఏడేసి చొప్పున మూడు చుట్లు తిరిగితే 21 గడుస్తాయి. 22వది మళ్లీ రవి, 23 శుక్రుడు, 24 బుధుడు. మర్నాడు మొదటిది చంద్రుడిది, కనుక సోమవారం. అక్కడి నుంచి లెక్కపెడితే కుజుడు వస్తాడు, మంగళవారం. 24 అన్న అంకె లేకపోతే ఈ వరుస కుదరదు. మన దేశంలో వారం పేరు కనిపించే తొలి శాసనాల్లో ఒకటి క్రీ.శ. 484 నాటి ఎరాన్ శాసనం. అందులో ఉన్నది గురువారం. రా పేరు వినని ఇంట్లో కూడా పెళ్లి ముహూర్తం ఆయన పడవ ప్రయాణపు లెక్కతోనే పెడుతున్నారు.

4. ఐసిస్ గుడిలో శాతవాహన నాణెం

ఇవన్నీ ఇక్కడికెట్లా వచ్చాయంటే, ఓడల్లో. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల పెద్ద నిధి దొరికింది. రోమ్‌తో మన వర్తకం నడిచింది ఈజిప్టు మీదుగానే. ఎర్రసముద్రపు ఒడ్డున బెరెనికె రేవులో తవ్వితే సెరాపిస్ దేవుడి గుడి ఆవరణలో ఏడు కిలోలకు పైగా మిరియాలు నింపిన భారతీయ కుండ బయటపడింది. అక్కడి ఐసిస్ దేవత గుడి ముంగిట 2022లో 71 సెంటీమీటర్ల పాలరాతి బుద్ధుడు దొరికాడు. అదే ఆలయంలో మూడో శతాబ్దపు సంస్కృత శాసనం, రెండు శాతవాహన నాణేలు కూడా దొరికాయి.

ఆ శతాబ్దాల్లోనే ఫణిగిరి కొండ మీద స్తూపం, విహారాలు, చెక్కిన తోరణాలు కళకళలాడుతున్నాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం అక్కడే ఉంది. అటు బెరెనికెలో ఐసిస్‌కు ధూపం వేసినవాళ్లూ, బుద్ధుడికి మొక్కినవాళ్లూ ఒకే ప్రాంగణంలో భుజాలు రాసుకొని తిరిగారన్నమాట.

5. ఎట్లా ఆగింది

మూడు వేల ఏళ్లు నడిచిన మతం వాదనలో ఓడి పోలేదు. రోమన్లు గుడి మాన్యాలను తమ అధీనంలోకి తీసుకున్నారు. రాజపోషణ ఎండిపోయింది. క్రైస్తవం పెరిగింది, చక్రవర్తులు పూజలను నిషేధించారు. చిత్రలిపి రాయగలిగినవాళ్లు ఫిలే ద్వీపపు గుడి దాకా కుంచించుకుపోయారు. ఆ లిపిలో మనకు తెలిసిన చివరి శాసనం అక్కడే, క్రీ.శ. 394 ఆగస్టు 24న చెక్కింది. ఆరో శతాబ్దంలో చక్రవర్తి జస్టీనియన్ ఆ గుడినీ మూయించాడు. 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ గుట్టు విప్పేదాకా ఆ అక్షరాలను చదివే మనిషి లేడు. ఫణిగిరి భిక్షువులకూ దాతలు ఉన్నంతకాలమే విహారం. మాన్యం, చదువు, వారసులు, ఈ మూడూ తెగితే ఏ మతమైనా ఆగుతుంది.

ఆగినా అంతా పోలేదు. కోప్టిక్ క్రైస్తవుల పంచాంగంలో కొన్ని నెలల పేర్లు ఇంకా థోత్, హాథోర్ దేవతలవే. లక్సర్ గుడి లోపల సూఫీ సంతుడు అబుల్ హజ్జాజ్ మసీదు ఉంది. ఆ సూఫీ ఉత్సవంలో పడవలు ఊరేగిస్తారు. ఒకప్పుడు అదే ఊళ్లో అమున్ దేవుడి పడవ ఊరేగేది. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు ఏ కులం, ఏ మతం అని చూడకుండా వెళ్లే మనకు ఇది అర్థం కానిది కాదు. 2021 ఏప్రిల్ 3న కైరోలో 22 మంది రాజులు, రాణుల మమ్మీలను కొత్త మ్యూజియానికి ఊరేగింపుగా తరలించి, ప్రాచీన భాషలో ఐసిస్ స్తోత్రం పాడించారు. పూజ అక్కడ దేశగౌరవంగా మారింది.

చివరగా ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలను హైదరాబాదు టూరుకు తీసుకుపోయే ముందు ఫణిగిరి చూపించండి. తర్వాత నైషు దగ్గర నిలబెట్టి ఇది దయ్యం కాదు, సినిమా బొమ్మ కాదు, మనలాగే తూకంలో మోసం పాపమని నమ్మిన జనం తమ పిల్లను సాగనంపిన తీరు ఇదని చెప్పండి. ఆగిపోయిన మతాన్ని గౌరవంగా చూడడం నేర్చిన పిల్లలు, నడుస్తున్న మతాల గురించి కొట్లాడుకునే ముందు ఒకసారి ఆగుతారు. చరిత్ర పాఠం నుంచి సారు ఆశించింది అదే.