చల్లదనానికి కిరణాలున్నాయా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మాకు వచ్చింది సైన్సు పాఠమే గనుక దాన్నే చెప్తాము.

మల్దకల్ వాళ్లకు ఎండ గురించి చెప్పనక్కరలేదు గదా! ఒకనాడు మేము తరగతిలో 'హరారత్' పాఠం చెప్తూ రెండు పాత లారీ హెడ్‌లైటు డిప్పలు ఎదురెదురుగా నిలబెట్టాము. ఒకదాని ముందు కాల్చిన ఇనుప గుండు, రెండోదాని ముందు మసి పూసిన థర్మామీటరు. పాదరసం పైకి పాకింది. వెనక బెంచీ అబ్బాయి లేచి, "సార్, గుండు బదులు మంచుగడ్డ పెడితే?" అన్నాడు. పెట్టాము. పాదరసం కిందికి దిగింది!

"అయితే చలికి గూడా కిరణాలున్నాయా సార్?"

"కూర్చో. అది మంచు మీది గాలి" అని గద్దించాము. వాడు ఊరుకోలేదు. థర్మామీటరు వెనక డిప్ప మీద నల్లగుడ్డ కప్పాడు. పాదరసం మళ్లీ ఎక్కింది. గాలే అయితే డిప్పకు గుడ్డ కప్పితే ఎందుకు ఆగుతుంది? నిజానికి జవాబు మాకే తెలియదు. ఆ వారమంతా వాడు చేయి ఎత్తలేదు.

తర్వాత పుస్తకాలు తిరగేశాము. ఇదే ప్రయోగం 1790 ప్రాంతంలో జెనీవాలో పిక్తే చేసి ఆశ్చర్యపోయాడు. మంచు మీద ఆమ్లం పోసి ఇంకా చల్లబరిస్తే థర్మామీటరు ఇంకా దిగింది. ఫిరంగులు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి ఒక పదార్థం కాదని 1798లో చాటిన రంఫర్డ్ అంతటివాడే చలికి కిరణాలున్నాయని పట్టుబట్టాడు. మా వాడిని మేము గద్దించడం ఎంత అన్యాయం!

చిక్కు విప్పినవాడు ప్రివో, 1791లో. ప్రతి వస్తువూ ఎప్పుడూ వేడిని వెదజల్లుతూనే ఉంటుంది, మంచుగడ్డ గూడా. థర్మామీటరు మంచుకు ఎక్కువ ఇచ్చి తక్కువ పుచ్చుకుంటుంది. కిరాణా కొట్టు ఖాతా లాంటిదే, నష్టం వచ్చినవాడు చల్లబడతాడు. చలి అనేది వేరే సరుకు కాదు.

మర్నాడు తరగతి ముందే వాడికి మాఫీ చెప్పుకున్నాము. సార్లు పిల్లలకు మాఫీ చెప్తారా అని కొందరు నవ్వారు. నవ్వనీయండి.

వాడు వెంటనే ఇంకోటి అడిగాడు: "చలికాలం వాకిట్లో పడుకుంటే దుప్పటి మంచుకు తడుస్తుంది, వేపచెట్టు కింద తడవదు. ఎందుకు సార్?" ఈసారి మేము గద్దించలేదు. దుప్పటి ఆకాశానికి ఇచ్చిన వేడి తిరిగి పెద్దగా రాదు, వేపాకులు మాత్రం చాలావరకు తిరిగిస్తాయి అని చెప్పాము. ఆ రాత్రి వాడు రెండు చోట్లా రెండు గిన్నెలు బోర్లించి, తెల్లవారగానే మా ఇంటి తలుపు తట్టాడు.