పెట్టిన ర్యామ్ కనబడనిచో ఎక్కడ వెదకవలెను?

(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



గడచిన సభలో మీలో పలువురు లేచి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుటకై కార్యవర్గమువారు మమ్ము ఈ వేదికపై నిలిపినారు. ప్రశ్న చిన్నదే. "పిల్లల కంప్యూటర్లు మందముగా నడచుచున్నవని మీరు చెప్పగా చందాలు వేసికొని డబ్బు ఇచ్చితిమి. ఆరింటికిని నాలుగేసి జీబీ ర్యామ్ కొత్తగా పెట్టించితిరి. పాతది నాలుగు, కొత్తది నాలుగు, వెరసి ఎనిమిది కావలెను గదా! పిల్లలు వచ్చి పని మునుపటివలెనే యున్నదని చెప్పుచున్నారు. మా సొమ్ము ఏమైనది?" అని అడిగితిరి. ఆ ప్రశ్న అడుగుటకు మీకు పూర్తి హక్కు గలదు. ఆనాడు కొందరు వర్తకుడు పాడు సరకు అంటగట్టినాడనిరి. మరికొందరు యంత్రములే పనికిరావు, తూకమునకు అమ్మివేయుద మనిరి. వర్తకునకు ఈయవలసిన మిగులు పైకము సభ తీర్మానము ప్రకారము నిలిచి యున్నది. కావున ఇందు ఒకరి వర్తకపు పేరును, మన పాఠశాల ఆస్తియు రెండును చిక్కుకొని యున్నవి.

కంప్యూటరు పని ఎరుగని పెద్దల కొరకు ముందుగా ఒక మాట. యంత్రములో వ్రాతలు, బొమ్మలు శాశ్వతముగా దాచు చోటు వేరు; అది బీరువా వంటిది. పని చేయునంతసేపు ఆ కాగితములను ఎదుట పరచికొను చోటు ర్యామ్. అది వ్రాతబల్ల వంటిది. బల్ల ఇరుకైనచో ఒక కాగితము తీసి బీరువాలో పెట్టి మరియొకటి తెచ్చికొనుచుండవలెను. మందము అందువలన వచ్చును. మనము కొన్నది పెద్ద బల్ల. బల్ల గదిలోనికి వచ్చినది గాని గుమాస్తా దాని సగము వైపు చేయి చాపుట లేదు. ఎందుచేత?

దీనికి వెదకులాట ఎచ్చట మొదలుపెట్టవలెనో తెలిసినచో సగము పని తీరినట్లే. కంప్యూటరు మీట నొక్కిన వెంటనే, విండోస్ ఇంకను మేలుకొనక ముందే, బోర్డులోని బయోస్ అను చిన్న కార్యక్రమము యంత్రములో ఏమేమి యున్నదో లెక్క చూచుకొనును. చాల బోర్డులపై డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కినచో ఆ లెక్క తెరమీద కనబడును. అచ్చట 8 జీబీ అని యున్నచో స్టిక్కులు మంచివి, స్లాటులు మంచివి. లోపము పైనున్న విండోస్‌లో గాని, దాని అమరికలలో గాని, బోర్డు చిరునామాలు పంచు తీరులో గాని యుండును. అచ్చటనే 4 అని యున్నచో విండోస్‌ను ఎన్ని మారులు తిరిగి వేసినను ప్రయోజనము లేదు, పెట్టె విప్పవలసినదే. ఈ ఒక్క చూపు చూడకుండ వర్తకుని నిందించుట గాని, యంత్రమును అమ్ముట గాని తగదని మా అభిప్రాయము.

ఆరు యంత్రములను ఇట్లే చూచితిమి. ఐదింట బయోస్ 8 చూపినది. ఒక్కదానిలో మాత్రము 4 చూపినది. కావున అన్నింటికిని ఒకే జబ్బు కాదు.

ఐదింటిలో నాలుగింటి సంగతి మొదట చెప్పుదుము. విండోస్ 10లో సెట్టింగులు తెరచి, సిస్టమ్, అబౌట్ అను చోటికి పోగా, పెట్టిన ర్యామ్ 8.00 జీబీ అనియు, పక్కనే ఉపయోగింపదగినది 3.24 జీబీ అనియు వ్రాసి యున్నది. దాని క్రింది వరుసలో 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసరు అని యున్నది. రోగము ఆ వరుసలోనే యున్నది. ప్రాసెసరు 64 బిట్లది, దాని నెత్తిన కూర్చున్న విండోస్ 32 బిట్లది.

ఈ బిట్ల సంగతి ఏమనగా, ఒక గ్రామములో ఇండ్ల నంబర్లు నాలుగంకెలకు మించి వ్రాయరాదని కట్టడి యున్న దనుకొనుడు. 9999 తరువాతి ఇంటికి నంబరు లేదు. నంబరు లేని ఇంటికి జాబు చేరదు. ఇల్లు ఉన్నది, తలుపు ఉన్నది, లోపల మనుష్యులును ఉన్నారు. టపా బంట్రోతు మాత్రము ఆ ఇంటిని ఎరుగడు. అట్లే 32 బిట్ల చిరునామాతో గుర్తింపదగిన గదులు 4,29,49,67,296 మాత్రమే. అదియే 4 జీబీ. ఆ నంబర్లయినను అన్నియు ర్యామ్‌నకే దక్కవు. తెరమీద బొమ్మ గీయు భాగమునకు, నెట్‌వర్కు కార్డునకు, బోర్డులోని ఇతర పరికరములకు కూడ చిరునామాలు కావలెను. అవి 4 జీబీ కొసనున్న నంబర్లను ముందుగనే ఆక్రమించును. తక్కిన మూడుంబావో, మూడున్నరయో మనకు మిగులును. అందుచేతనే కొత్త స్టిక్కు పెట్టక మునుపు కూడ ఆ నాలుగు యంత్రములు నాలుగు జీబీని పూర్తిగా వాడుకొనుట లేదు. ఆనాడు ఎవరును ఆ వరుస చదువలేదు గనుక తెలియలేదు.

ఇచ్చట ఒక విశేషము గలదు. 32 బిట్లయినచో నాలుగు జీబీకి మించి ఎన్నడును పనికిరాదని దుకాణములలో చెప్పుదురు. అది పూర్తిగా నిజము కాదు. 1995లో వచ్చిన పెంటియమ్ ప్రో నాటినుండియే 36 బిట్ల చిరునామాతో 64 జీబీ వరకు చేరు మార్గము ఏర్పడినది. 32-బిట్ లినక్సు దానిని వాడుకొన్నది. విండోస్ సర్వరు కూర్పులు కొన్ని వాడుకొన్నవి. ఇండ్లలో వాడు 32-బిట్ విండోస్‌నకు మాత్రము మైక్రోసాఫ్టువారు 4 జీబీయే హద్దు పెట్టిరి. పెద్ద చిరునామాలను పాత డ్రైవర్లు తట్టుకొనలేకుండుట అందులకు ఒక కారణము. ఏ కారణమైనను మనకు ఫలము ఒక్కటే.

మందు 64-బిట్ వ్యవస్థను వేయుట. అయితే 32-బిట్ దానిపై 64-బిట్ దానిని అతికించుటకు వీలులేదు. పాతది తుడిచి కొత్తగా వేయవలెను. ఈ సంగతి మీరు ఇండ్లలో ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలెను. మొదట పిల్లల వ్రాతలు, ఫొటోలు వేరొక డిస్కులోనికి తీయవలెను. తెలుగు వ్రాతల విషయమై ఇంకను జాగ్రత్త కావలెను. మన పాఠశాలలో ఏండ్ల తరబడి ప్రశ్నపత్రములు, ఈ సంచిక వ్యాసములు అను ఫాంట్లలో కంపోజు చేయబడినవి. అవి యూనికోడ్ కావు. ఫైళ్లు తీసి ఫాంట్లు తీయకున్నచో రేపు తెరచునప్పుడు తెలుగు బదులు తలాతోక లేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. ఈ ఊళ్లో తెలుగు ప్రశ్నపత్రము అచ్చుకు సిద్ధము చేయించుట ఎంత కష్టమో మీరెరుగుదురు. కావున ఫాంట్లను కూడ భద్రపరచిన పిమ్మటనే తుడుపు పని మొదలుపెట్టితిమి. పాత ప్రింటరునకు 64-బిట్ డ్రైవరు దొరకునో లేదో కూడ ముందే చూచుకొనవలెను.

ఏ వ్యవస్థ వేయవలెనను ప్రశ్న తరువాత వచ్చినది. విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 మన ప్రాసెసర్లను అంగీకరించిన వాటి జాబితాలో చేర్చలేదు. అందుచేత ఆ నాలుగింటిలోను 64-బిట్ ఉబుంటు లినక్సు వేసితిమి. ఖర్చు లేదు. తెలుగు టైపునకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులో గలదు. ఎనిమిది జీబీలో కొద్దిపాటి తప్ప అంతయు వాడుకలోనికి వచ్చినది.

ఐదవ యంత్రము వింతైనది. అందులో ముందునుండియు 64-బిట్ విండోసే యున్నది, బయోస్ 8 చూపుచున్నది, అయినను నాలుగు జీబీ కూడ పూర్తిగా వాడుకకు రాలేదు. టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్ క్రింద మెమరీ నొక్కినచో హార్డ్‌వేర్ రిజర్వుడ్ అని ఒక అంకె కనబడును. సాధారణముగా అది కొన్ని వందల ఎంబీకి మించదు. ఇచ్చట అది నాలుగు జీబీకి పైగా నున్నది. ఎంఎస్‌కాన్ఫిగ్ అను ఉపకరణము తెరచి, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ చూడగా, మాగ్జిమమ్ మెమరీ అను గడిలో టిక్కు పెట్టబడి 4096 అని యున్నది. అది 4 జీబీ. వేగము పెరుగునని నమ్మి ఎవరో పెట్టి యుందురు. ఆ గడి ఉన్నది హద్దు పెట్టుటకే గాని పెంచుటకు కాదు. టిక్కు తీసి యంత్రమును తిరిగి ప్రారంభించితిమి. అంతటితో సరిపోయినది. పాత ప్రశ్నపత్రముల కొరకు ఈ యంత్రములోనే విండోస్‌ను, అను ఫాంట్లను ఉంచి, దీనికి ఇంటర్నెట్టు తీగ మాత్రము తీసివేసితిమి.

ఆరవదానికి పెట్టె విప్పవలసి వచ్చినది. ఇంట ఎవరైన విప్పదలచినచో మీట ఆపుట చాలదు. కరెంటు తీగ ఊడదీసి, మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టవలెను. లోపలి ఇనుప చట్రమును తాకిన పిమ్మటనే స్టిక్కును ముట్టవలెను. మన దేహముపై పోగుపడిన స్థిర విద్యుత్తు ఈ చిన్న వస్తువులకు చాల చేటు. స్టిక్కు క్రింది అంచున బంగారు వన్నె రేకులుండును. వానిపై మసక యున్నచో పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, స్లాటులో రెండు కొసల గొళ్లెములును టక్కుమని పడువరకు నొక్కవలెను. ర్యామ్ కనబడని కేసులలో ఈ మాత్రము చికిత్సతోనే తీరునవి అనేకములు గలవు. స్టిక్కు పట్టకున్నచో బలవంతముగా అదుమరాదు. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికిని 240 కాళ్లే యుండును గాని నొక్కు చోటు వేరు, డీడీఆర్4నకు 288. ఒకదాని స్లాటులో మరియొకటి కూర్చుండదు.

శుభ్రము చేసినను ఆరవ యంత్రము 4 మాత్రమే చూపినది. అప్పుడు ఒక్కొక్క స్టిక్కును ఒంటరిగా ఒక్కొక్క స్లాటులో పెట్టి చూచితిమి. రెండు స్టిక్కులు, రెండు స్లాటులు, నాలుగు పరీక్షలు. మొదటి స్లాటులో రెండు స్టిక్కులును పలికినవి. రెండవ స్లాటులో రెండును పలుకలేదు. వర్తకుడు ఇచ్చిన స్టిక్కు నిర్దోషి యని ఇక్కడ తేలినది. దోషము బోర్డుది. ఇంటెల్‌వారు 2008 నుండి ర్యామ్‌ను నడపు భాగమును ప్రాసెసరులోనికే చేర్చుచు వచ్చిరి. అందుచేత ప్రాసెసరు క్రింది సన్నని సూదులలో ఒకటి వంగినను ఒక స్లాటు మూగవోవును. దానిని సరిచేయుట చేయి తిరిగిన మెకానిక్కు పని. తెలియనివాడు తాకినచో మిగిలిన స్లాటును పోవును. మేము ఆ పనికి పూనుకొనలేదు. బోర్డు ఒక్కొక్క స్లాటున 8 జీబీ వరకు స్వీకరించునది గనుక, నాలుగు జీబీ స్టిక్కును వర్తకునకు తిరిగి యిచ్చి, వ్యత్యాసము చెల్లించి, 8 జీబీ స్టిక్కు ఒక్కటి తెచ్చి మొదటి స్లాటులో పెట్టితిమి. రెండు స్టిక్కులు జంటగా నున్నప్పటి వేగము కొంత తగ్గును. పిల్లల పనికి లోటు లేదు.

మీ ఇండ్ల యంత్రముల విషయము కొద్దిగా చెప్పవలెను. 2011లో ప్రారంభమైన రాష్ట్ర ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ పథకము వలన ఇంట యంత్రము చేరిన కుటుంబములు మనలో గలవు. అది గాని, అదే కాలపు మరియే ల్యాప్‌టాప్ గాని ఇంకను వాడుకలో నున్నచో, ర్యామ్ కొనుటకు ముందు అందులోని విండోస్ కూర్పు పేరు చదువుడు. విండోస్ 7 స్టార్టరు అయినచో అది 2 జీబీకి మించి స్వీకరింపదు. ఎంత పెట్టినను వృథా. అంతకును పాతదైన ఇంటెల్ 945 చిప్‌సెట్ బోర్డు అయినచో 64-బిట్ వ్యవస్థ వేసినను నాలుగు జీబీకి పై చిరునామాలను ఎరుగదు. మరికొన్ని బోర్డులలో బయోస్ నందు మెమరీ రీమ్యాప్ అను అమరిక యుండును. అది తెరచినచో నాలుగింటికి పైనున్నది కూడ వాడుకకు వచ్చును. పలుచని కొత్త ల్యాప్‌టాప్‌లు పెక్కింటిలో ర్యామ్‌ను బోర్డునకే అతికించి యుందురు. వానికి చేర్చుటకు స్లాటే యుండదు.

8 జీబీ కొనగా 7.8 కనబడుచున్నదని ఇద్దరు తల్లులు మాతో చెప్పినారు. అది మోసము కాదు. తెర బొమ్మల కొరకు ప్రాసెసరు తీసికొన్న వాటా అది. ఫోను పెట్టెపై 8+8 అని చూచి పదునారు అనుకొనుట మాత్రము సరి కాదు. రెండవ ఎనిమిది ఫోనులోని నిలువ చోటు నుండి అరువు తెచ్చినది. ర్యామ్ అంత వేగము దానికి రాదు.

మీలో అనేకులు బెంగళూరు ఎస్.పి. రోడ్డునకు పోయి కొనువారు. డీడీఆర్3 స్టిక్కులలో తక్కువ ధరకు దొరకునవి కొన్ని ఏఎమ్‌డీ బోర్డులలో మాత్రమే పనిచేయునవి. ఇంటెల్ బోర్డులో పెట్టినచో అసలు పలుకవు, లేదా యంత్రమే లేవదు. కావున బోర్డు పేరును, నంబరును కాగితముపై వ్రాసికొని పొండు. మా బోర్డు గుర్తింపనిచో తిరిగి పుచ్చుకొందువా యని అడిగి, ఒప్పుకొన్న మాటను బిల్లుమీద వ్రాయించుకొనుడు.

వర్తకునకు నిలిపిన పైకమును చెల్లింపవచ్చునని కార్యవర్గమునకు వ్రాసి యిచ్చితిమి. ఆరు యంత్రముల బయోస్ లెక్కలు, వ్యవస్థల లెక్కలు రెండును కాగితముపై నెక్కించి ప్రయోగశాల తలుపుమీద అంటించినాము. సభ ముగిసిన పిమ్మట పోయి సరిచూచుకొనవచ్చును. ఇంట ఇట్టి చిక్కు గలవారు వచ్చే ఆదివారము ఉదయము యంత్రమును, దాని బిల్లును వెంట తెండు. ముఖ్యమైన ఫైళ్లను ముందే వేరొక చోట దాచి మరీ తెండు.