ఒంటికీ ఒక సర్వీసు రిజిస్టరు



డి.ఏ. బకాయిల గురించి పెద్దలు మాట్లాడారు. నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, గుమాస్తాను. 34 సంవత్సరాల సర్వీసులో ఎక్కువ కాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో ఇతరుల సర్వీసు రిజిస్టర్లు రాశాను. ఒక్క ఎంట్రీ తప్పిపోతే పెన్షను ఎలా ఆగిపోతుందో మీకు చెప్పనక్కరలేదు. అలాంటి నేను మా ఇంట్లో రాయవలసిన ఒక్క ఎంట్రీ రాయలేదు. ఆ సంగతే చెబుతాను.

1989లో మా ఆవిడకు గొంతునొప్పి, జ్వరం వస్తే పెన్సిలిన్ ఇంజక్షను చేశారు. అంతకుముందు ఒకసారి అదే మందు చేయించుకుంది, ఏమీ కాలేదు. ఈసారి పది నిమిషాలు గడవక ముందే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు వాచాయి. ఊపిరి అందక కళ్లు తేలవేసింది. డాక్టరుగారు వెంటనే అడ్రినలిన్ ఇచ్చి బతికించారు. "ఇక జన్మలో ఈ మందు వద్దమ్మా" అని చీటీ రాసిచ్చారు.

"మొదట పడిన మందు ఇప్పుడెందుకు పడలేదండీ?" అని అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. రోగక్రిములను గుర్తుపట్టడానికి మన రక్తంలో ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు ఉంటాయి. కొందరి శరీరం మేలుచేసే మందును కూడా శత్రువుగా నమోదు చేసుకుంటుంది. అప్పుడు తయారైన ఐజీఈ అనే యాంటీబాడీలు మాస్ట్ కణాలకు అంటుకుని కాచుకుని ఉంటాయి. మొదటిసారి జరిగేది నమోదు మాత్రమే, పైకి ఏమీ తెలియదు. అదే మందు మళ్లీ వస్తే ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. బి.పి. పడిపోతుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. దీనినే అనఫిలాక్సిస్ అంటారు.

తరువాత లైబ్రరీలో చదివాను. ఫ్రాన్సుకు చెందిన షార్ల్ రిషే, పోర్టియే అనే శాస్త్రజ్ఞులు ఒక సముద్రజీవి విషాన్ని కుక్కలకు ఎక్కించి చూశారట. మొదటి మోతాదును తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తరువాత కొద్దిపాటి మోతాదుకే నిమిషాలలో చనిపోయింది. 1902లో వారు ప్రకటించిన ఈ పరిశోధనకు రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత చదివిన నేను ఆ చీటీని బదిలీలలో పోగొట్టాను. 2016లో మా ఆవిడకు పంటికి చీము పట్టి నోరు తెరవలేకపోయింది. "ఏ మందైనా పడదా?" అని డాక్టరు అడిగితే, "ఏమీ లేదండీ" అన్నది నేనే. 27 ఏళ్లలో మరిచిపోయాను. ఆయన అమాక్సిసిలిన్ రాశారు. అదీ పెన్సిలిన్ కుటుంబమేనని నాకు తట్టలేదు. ఒక్క బిళ్లకే మళ్లీ అదే పరిస్థితి. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడింది. కోలుకున్నాక ఒక్క మాటే అంది: "అందరి రిజిస్టర్లూ రాశారు గదండీ!"

మిత్రులారా, ఈ రాత్రికే ఒక కాగితం తీయండి. పడని మందు పేరు, ఏ సంవత్సరం, ఏం జరిగింది, ఎర్ర సిరాతో రాయండి. రోజూ వాడే బి.పి. మాత్రల పేర్లు కూడా రాయండి. ఒక ప్రతి జేబులో, ఒకటి పిల్లల దగ్గర ఉంచండి. వాంతి అయినంత మాత్రాన ఎలర్జీ కాదు. అది తేల్చవలసింది డాక్టరే. మందు వేసుకున్నాక ముఖం వాచినా, ఆయాసం వచ్చినా రోగిని నడిపించవద్దు. ఎలర్జీ మాత్ర ఇచ్చి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆస్పత్రికి చేర్చండి. ముందు పడవలసింది అడ్రినలిన్ ఇంజక్షనే.

మన ఒళ్లు తన రిజిస్టరులో రాసుకున్నది మరిచిపోలేదు. మరిచిపోయింది నేను. మీరు మరవకండి. సెలవు.